మూతి వత్తుడు

నిజ్వా సంతల శుక్రవారం మేకల అరుపులు సద్దుమణిగినంక
ఖల్ఫాన్ ముసలాయన దుకాణం లోపలికెల్లి గడియ పెడతడు.
చాయ్ పొయ్యి ఆర్పినవా? ఆర్పిన.
జేబుల అగ్గిపెట్టె? లేదు.
మళ్ళొకసారి అడుగుతడు, దగ్గరికొచ్చి అంగీ వాసన చూస్తడు.
బీడీ బందువెట్టి ఆరేండ్లాయె, బాబా.

గోడకు వాళ్ళ తాత తుపాకి,
గుర్రపు దండోళ్ళ పొట్టి కార్బైన్.
కట్టె మీద ఎవరిదో నంబరు, సగం అరిగింది.
దాని కడుపుకు పట్టే తూటా ఇప్పుడు ఎవలూ చేస్తలేరట.
చేసే కంపెనీ మూతబడి
ఖల్ఫాన్ గడ్డం నెరిసేంత కాలమైంది.
మిగిలినయి నలభై మూడు ఇత్తడి డొల్లలు.
పేలిందే మళ్ళ నింపాలె,
నింపిందే మళ్ళ పేలాలె.

పెండ్లిల్ల ఆకాశంలకు కాలుస్తరు.
అందరు మీదికి చూస్తరు, నేను కిందికి.
రాయి మీద టంగుమన్న దిక్కు పట్టుకొని
ఎండిన వాగులకు ఉరుకుత.
ఒక్కటి దొరక్కున్నా
పెండ్లి అయినోళ్ళకు అయింది, మాకు కాలేదు.
టార్చిలైటు, మోకాళ్ళు, గులకరాళ్ళు.

తోముడు మాత్రం నేను నేర్పిన పని.
ఆయన ఎండు నిమ్మకాయ రుద్దేటోడు.
నేను చింతపండు నానబెట్టిన,
మా ఇంట్ల ఇత్తడి చెంబుకు పెట్టినట్టు.
మసి దిగినంక ఖల్ఫాన్ డొల్లను ఎండకు పట్టి
భార్యను పిలిచి చూపెట్టిండు.
ఆమె తన కాఫీ దల్లాను తెచ్చి నా ముందర పెట్టింది.

మందు మాత్రం మూడేండ్లు ముట్టనియ్యలేదు.
కంసాలి తక్కెడ. ఊపిరి బిగబట్టి, గింజ వెనక గింజ.
మూలకు కూసొని చూసేది నేను,
వేళ్ళు దురద పెడుతుంటే.
ఈ పని నాకు తెలుసు మరి.

మెట్‌పల్లిల, ఏడేండ్లప్పుడు,
పోసానక్క చుట్టిన బీడీలకు నేను మూతులు వత్తేది.
రేకుకు కత్తిరించిన తునికాకు, చిటికెడు తంబాకు,
ఎక్కువైతే పలుగుతది, తక్కువైతే మెత్తబడతది,
దారం, గోరు, మడత.
దినాం వెయ్యి మూతులు.
ఎడమ బొటనవేలు గోరు ఇప్పటికీ వంకరే.
కార్ఖానాల టేకేదారు గుప్పెడు తీసి
చూడకుండనే పక్కకు పారేసేటోడు: ఖరాబ్.
ఎందుకన్నా అంటే ఇంకో గుప్పెడు.
సముద్రం దాటొచ్చినంక సోహార్ కంపెనీల ఫోర్‌మన్‌ది కూడా
అదే చెయ్యి, జీతం కాయితం మీద.

నాలుగో ఏడు ఖల్ఫాన్ నా గోరు చూసిండు.
ఏమనలేదు.
మూతి బిగించే మరను నా దిక్కు జరిపిండు.
డొల్ల మీద గుండు కూసోబెట్టి పిడి వంచిన.
చప్పుడు రాలేదు. రావద్దు.

ఆయన మనవడు హిలాల్ పెండ్లిల ఏడోది పేలలేదు.
టిక్కుమన్నది, అంతే.
డోళ్ళు ఆగినయి. ఖల్ఫాన్ గొట్టం మీదికే పెట్టి
పెదవులు కదుపుకుంట లెక్కబెడుతున్నడు.
నాకు టేకేదారు చెప్పుల చప్పుడు ఇనవడ్డది.
ముప్పై. నలభై. అరవై.
తూటాను మెల్లగ బయటికి తీసి, రుమాల్ల చుట్టి, జేబుల వేసుకున్నడు.
ఎనిమిదోది పేలింది. ఆడోళ్ళు నాలుకలాడించి కూత పెట్టిన్రు.

ఆ రాత్రి గడియ పెట్టి
దాన్ని విప్పి మందును తక్కెడల పోసిండు.
ముల్లు నడిమధ్యల నిలవడ్డది.
అడుగున ఉన్న బొట్టంత టోపీని చూపెట్టి
"సచ్చింది ఇది. నీ చెయ్యి కాదు, లంబదరీ" అన్నడు.
నా పేరు లింబాద్రి. సరిదిద్దలేదు.
ఇన్నేండ్లల్ల నా తప్పును
తూకమేసి చూసినోడు ఈయనొక్కడే.

తెల్లారి మళ్ళ చింతపండు నానబెట్టిన.
నలభై రెండే ఉన్నయి.
ఒకటి ఇంకా వాగులనే ఉన్నది.